తలగడ దగ్గర ఎనభై రెండు

నా పేరు కోటి. ఇళ్ళల్లో వైఫై పెట్టడం నా పని. పదకొండేళ్ళుగా మద్దిలపాలెం ఆఫీసు నుంచి రౌటర్లు బండికి తగిలించుకుని ఊరంతా తిరుగుతున్నాను. ఏ ఇంటికెళ్ళినా అడిగేది ఒకటే, నెట్ ఎందుకు రావట్లేదని. గోడ అడ్డం, బీరువా అడ్డం, ఫ్రిజ్ అడ్డం అని చెబుతాను. మనిషి అడ్డమొచ్చినా సిగ్నల్ పడిపోతుందంటే మాత్రం నవ్వుతారు. మన ఒంట్లో ఉన్నదాంట్లో ఎక్కువ భాగం నీళ్ళే కదా, నీళ్ళు సిగ్నల్‌ని తాగేస్తాయి. పెళ్ళి హాల్లో జనం నిండాక నెట్ చచ్చిపోయేది అందుకే.

దీనికో లెక్క ఉంది. సిగ్నల్ ఎంతుందో చూపించే యాప్ నా ఫోన్లో ఉంటుంది. అందులో అంకె ఎంత తక్కువుంటే అంత మంచిది. నలభై అంటే రౌటర్ పక్కనే కూర్చున్నట్టు, ఎనభై దాటిందంటే లేనట్టు. ఇటుక గోడ ఓ పది మింగుతుంది. మనిషి అడ్డంగా నిలబడితే ఇంచుమించు ఇంకో పది. ఈ లెక్క తెలియకపోయి ఉంటే నేను ఆ రోజు హాయిగా పని ముగించుకుని ఇంటికి పోయేవాణ్ణి.

పోయిన నెల, ముసురు పట్టిన ఓ మధ్యాహ్నం, వన్‌టౌన్‌లో సర్దార్ బీ గారింటికి వెళ్ళాను. పాత ఇల్లు. ముందు హాలు, వెనక పడకగది, మధ్యలో తలుపుకి బదులు పరదా. కిటికీ ఊచల మీద పోర్టు నల్లదుమ్ము వానకి చారలు చారలుగా కారింది. సర్దార్ బీకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. కొడుకు షానవాజ్ ఓడ మీద పనికెళ్ళి ఆర్నెల్లయింది. కోడలు ఫర్హా సీతమ్మధార వైపు ఒక ఆసుపత్రిలో నర్సు. మనవరాలు మాహిరాకి ఏడేళ్ళు.

మాహిరాకి మూడు నెలల నుంచి ఫిట్స్ వస్తున్నాయట. మంచం మీద పడుకుని ఉండగా చప్పుడు లేకుండా వచ్చేస్తాయి. పక్కనున్న నానమ్మకి కనిపించదు, వినిపించదు. ఫర్హా సెలవులన్నీ అయిపోయాయి. ఆ రాత్రి ఎనిమిదికి డ్యూటీ. మంచం దగ్గర కేమెరా ఉంటే వార్డులోంచి ఫోన్లో చూసుకుంటూ ఉండొచ్చు, ఏదైనా అయితే మేడ మీద వాళ్ళకి ఫోన్ చేసి పాపని పక్కకి తిప్పమని చెప్పొచ్చు. ఇదీ ఆమె ఆలోచన.

"ఎనిమిదికల్లా అయిపోవాల భయ్యా," అంది. "ఇయ్యాల కూడా ఎల్లకపోతే నన్ను తీసేత్తారు. ఎల్తే దీన్ని ఎవులు సూత్తారు?"

అదెంత పని, గంటలో అయిపోతుందన్నాను. నిజంగానే గంట పని. హాల్లో రౌటర్ బిగించాను. నెట్‌కి మాహిరా పేరే పెట్టాను, పాస్‌వర్డ్ ఫర్హా చేతనే కొట్టించాను. కేమెరాని పడకగదిలో తలగడ పక్క గూట్లో పెట్టి కలపబోయాను. కలవలేదు. రెండోసారీ కలవలేదు.

ఫోన్ తీసి యాప్ తెరిచాను. హాల్లో నలభై ఒకటి. పరదా దగ్గర నలభై ఆరు. మంచం కాళ్ళవైపు యాభై. తలగడ దగ్గర ఎనభై రెండు.

మధ్యలో గోడ లేదు. బీరువా లేదు. ఫర్హాని పక్కకి జరగమందామని తలెత్తితే ఆమె వంటింట్లో టిఫిన్ డబ్బా సర్దుకుంటోంది. గదిలో నేనూ, మంచం మీద పాపా, అంతే. పాప గోడకి అతుక్కుని పడుకుంది. ఇంత మంచం ఉండగా ఆ మూలకెందుకమ్మా అని అడిగితే, "ఇటేపు తడిగా ఉంటది అంకుల్," అని చిన్నగా చెప్పింది. చెయ్యి పెట్టి చూశాను. దుప్పటి పొడిగానే ఉంది. కానీ వాసన వేసింది. వానలో తడిసి, ఎండక, మడతపెట్టేసిన బొంత వాసన.

నాకు మొండితనం ఎక్కువ. అంకె తేలకపోతే అన్నం సహించదు. మాహిరా పలక మీది సుద్దముక్క అడిగి తీసుకుని సిగ్నల్ పడిపోయే చోట్లన్నీ నేల మీద గుర్తు పెట్టాను. ఒక చార వచ్చింది, మనిషి వెడల్పున. టార్చిలైటుకి అడ్డంగా ఎవరైనా నిలబడితే వెనక నీడ పడుతుంది కదా, అలాగ. రౌటర్‌ని హాల్లో ఇంకో గోడకి మార్చి మళ్ళీ గీశాను. మూడో చోట పెట్టి మళ్ళీ గీశాను. మూడు గీతలూ ఒక్క చోటే కలిశాయి, తలగడకి జానెడు దూరంలో.

అక్కడితో ఆపేసి ఉండాల్సింది. ఆపలేదు. ఆ కలిసిన చోట ఫోన్‌ని నేల దగ్గర పెట్టి కొంచెం కొంచెం పైకెత్తుతూ చూశాను. మోకాలి ఎత్తులో ఎనభై రెండు అక్కడే ఉంది. నడుము ఎత్తుకొచ్చేసరికి అది మంచం అంచు మీదికి జరిగింది. ఇంకొంచెం పైన తలగడ మీదికి. ఆ పైన ఏమీ లేదు... నలభై ఎనిమిది.

అంటే నిటారుగా లేదు. ఒంగి ఉంది. పాప మొహం మీదికి.

ఫోన్‌ని దించి మళ్ళీ మొదట్నుంచి ఎత్తబోయాను. అప్పుడే వెనకనుంచి మాట వినిపించింది. జలుబు చేసినట్టు బొంగురు గొంతు.

"నీకు పిల్లలున్నారా?"

హాల్లో తస్బీ పూసలు తిప్పుకుంటున్న సర్దార్ బీ అనుకున్నాను. ఆ క్షణాన మనిషి మాట వినబడితే అదే పదివేలు. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు అడిగే మాటే కదా. వెనక్కి తిరక్కుండానే చెప్పాను, ఒక పాపండి, మూడో నెల అని.

"పేరు?"

నూకాలు అన్నాను. మా అమ్మ పేరే పెట్టుకున్నాం అన్నాను.

"ఎక్కడ పడుకుంటది?"

ఫిషింగ్ హార్బర్ వెనక ఐస్ ఫ్యాక్టరీ సందులో మా ఇల్లని, పాపకి దూలానికి చీర ఉయ్యాల కట్టామని చెప్పాను. చెబుతూ చెబుతూ ఫోన్ చూశాను. ఎనభై రెండు కాస్తా నలభై తొమ్మిది అయింది. గూట్లో కేమెరాకి పచ్చలైటు వెలిగింది.

ఫర్హా పరుగెత్తుకొచ్చి తన ఫోన్లో కూతుర్ని చూసుకుని ఏడ్చేసింది. నేను కూడా నవ్వాను. యాప్ ఏదో తప్పు చూపించి ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సుద్ద గీతలు కాలితో చెరిపేసి బయటపడ్డాను.

ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. నా భార్య సుధారాణి ఉయ్యాల ఊపుతోంది. ఊపుతూనే ముక్కు ఎగబీల్చి అడిగింది.

"ఏటి, బొంతేటైనా తడిసిందేటి? వాసనొత్తంది."

ఫోన్ తీశాను. మా రౌటర్ టీవీ పైన ఉంటుంది, ఉయ్యాలకి నాలుగడుగుల దూరం. టీవీ దగ్గర ముప్పై తొమ్మిది. గుమ్మం దగ్గర నలభై ఐదు. ఉయ్యాల దగ్గర... ఎనభై రెండు.

సుధారాణిని లేచి పక్కకి రమ్మన్నాను. వచ్చింది. అంకె మారలేదు. ఫోన్‌ని పైకెత్తుతూ పోయాను. ఉయ్యాల అంచు దాకా వచ్చి, చీర మడతలోకి, లోపలికి ఒంగింది. నూకాలు నిద్రపోవట్లేదు. కళ్ళు ఇంత చేసుకుని పైకి చూస్తోంది.

నా భార్యకి చెప్పలేదు. ఏమని చెప్పను? పాపని తీసి మా మధ్య పడుకోబెట్టుకున్నాం. అర్ధరాత్రి నా చెయ్యి తడిగా తగిలింది. లైటు వేస్తే పొడిగానే ఉంది.

మూడో రోజు పొద్దున్న నూకాలుకి మొదటి ఫిట్ వచ్చింది. పిడికిలి బిగుసుకుపోయింది, కనుగుడ్లు పైకెళ్ళిపోయాయి. చప్పుడు లేదు. డాక్టర్ పరీక్షలు రాశాడు, పసిపిల్ల కదా చూద్దాం అన్నాడు. మళ్ళీ మళ్ళీ వస్తే మాత్రం ప్రమాదమని మెల్లిగా చెప్పాడు. సుధారాణి ఆసుపత్రి బెంచీ మీద పాపని గుండెకి అదుముకుని కూర్చుంటే నేను ఆమె మొహంలోకి చూడలేకపోయాను.

అక్కణ్ణుంచి తిన్నగా వన్‌టౌన్ వెళ్ళాను. సర్దార్ బీ ఇంటి ముందు మాహిరా తొక్కుడుబిళ్ళ ఆడుతోంది. మూడు రోజులుగా ఒక్క ఫిట్ రాలేదట. నేను వచ్చిన వేళ మంచిదని ఫర్హా మురిసిపోయింది. ఆమె టీ పెట్టడానికి లోపలికెళ్ళాక ముసలావిడని నిలదీశాను. నీ మనవరాలి కోసం నా కూతుర్ని అడిగావు కదా అన్నాను.

సర్దార్ బీ తెల్లబడ్డ కళ్ళు నా వైపు తిప్పింది. ఆవిడ గొంతు సన్నగా, చిన్నపిల్ల గొంతులా ఉంది.

"నాను ఏటీ అడగనేదు బేటా. నువ్వే లోపల ఎవులికో సెప్తన్నావ్. ఫోనేమో అనుకున్నాను."

మాహిరాని పిలిచి, ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది. నేను నమ్మలేదు. మనవరాలి కోసం ఎంతకైనా తెగించే మనిషి, అబద్ధపు ఒట్టు ఒక లెక్కా అనుకున్నాను. తిట్టరాని తిట్లు తిట్టి వచ్చేశాను.

బండి మీద వస్తుంటే బుర్రలో ఒకటే తిరిగింది. ఆవిడ అడిగింది, నేను చెప్పాను, అది వచ్చింది. అంతేనా? అడిగితే చాలా? నేను రోజుకి మూడిళ్ళకి వెళతాను. ప్రతి ఇంట్లోనూ మనుషులుంటారు. చాలా ఇళ్ళల్లో పిల్లలుంటారు.

మర్నాడు పొద్దున్నే ఉయ్యాల దగ్గర ఫోన్ పెట్టి చూశాను. నలభై ఆరు. మళ్ళీ మళ్ళీ చూశాను, నలభై ఆరే. ఆనందంతో నూకాలు పాదాలు ముద్దు పెట్టుకుని పనికి బయల్దేరాను. మద్దిలపాలెం దాటాక బండి మీద నాకు ఆ వాసన తగిలింది.

మొదటి పని సీతమ్మధారలో, పద్మావతి గారని ఒకావిడ ఇంట్లో. మూడో అంతస్తు. తలుపు తీసింది ఐదారేళ్ళ పాప. రెండు జడలు, చేతిలో బొమ్మ ఫోన్. పద్మావతి గారు వంటింట్లోంచే కేక వేసి రౌటర్ ఎక్కడ పెట్టాలో చెప్పారు. నేను తలూపాను. నోరు విప్పలేదు. విప్పితే, పిల్లలున్నారా అన్న ఆ మాట వచ్చేస్తుందేమోనని భయం. అది నా నాలుక చివరే ఉంది, దాచడమెందుకు. దారి పొడుగునా దాన్నే నెమరేసుకుంటూ వచ్చాను.

డ్రిల్లు కొడుతుంటే ఆ పిల్ల వచ్చి టేపు చుట్ట పట్టుకుని నిలబడింది, అడక్కుండానే. స్క్రూలు ఒక్కొక్కటీ లెక్కపెట్టి నా అరచేతిలో వేసింది. అయ్యాక లోపల తన గదిలోకి వెళ్ళి మంచమెక్కి ఆడుకుంటోంది. నాకు ఏడుపొచ్చింది. నా వల్ల కాదు. నా కూతురు వేరు, ఈ పిల్ల వేరు అనుకోలేకపోయాను.

రౌటర్‌కి పేరూ పాస్‌వర్డూ పెట్టి, యాప్ తెరిచాను. రెండడుగుల దూరంలో ఉన్నాను.

ఎనభై రెండు.

నాకూ రౌటర్‌కీ మధ్య ఖాళీ. తెల్లటి గోడ... రౌటర్ మీద వెలుగుతున్న లైట్లు... తడిసిన బొంత వాసన. నాతోనే వచ్చింది. నేను అడుగుతానని తెలిసి వచ్చింది.

పెదాలు రెండూ పళ్ళ మధ్య బిగించాను. రక్తం ఉప్పగా తగిలింది. సామాను బ్యాగులో కుక్కేసి, మాట రాకముందే మెట్లు దిగిపోదామని లేచాను.

అప్పుడు వంటింట్లోంచి పద్మావతి గారి గొంతు వినిపించింది.

"ఒక్కతే అండీ."

నేను ఏమీ అడగలేదు.

కాసేపాగి ఆవిడే అంది, "ఇంద్రజ."

స్టవ్ మీద ఏదో పొంగిన చప్పుడు. మళ్ళీ ఆవిడే, నవ్వుతూ, "మా దగ్గర కాదండీ, ఈ మధ్యే అలవాటు చేశాం. ఆ గదిలో ఒక్కతే పడుకుంటుంది."

ఫోన్ చూశాను. నలభై ఒకటి.

అమ్మయ్య అనుకున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, మొదట నాకు కలిగింది అదే. నూకాలు మొహం కళ్ళముందు మెదిలింది. ఆ తర్వాతే సర్దార్ బీ సన్నటి గొంతు గుర్తొచ్చింది, మాహిరా తల మీద ఆవిడ పెట్టిన చెయ్యి గుర్తొచ్చింది.

పద్మావతి గారు గ్లాసుతో హాల్లోకి వచ్చారు. నా మొహం చూసి జాలిపడ్డారు.

"గొంతు బాగా బొంగురుపోయిందండీ మీకు. అల్లం టీ పెట్టాను, వేడి మీద తాగేయండి."

గ్లాసు అందుకున్నాను. చెప్పాలి. ఇప్పుడే, ఈ నిమిషమే చెప్పాలి. నోరు తెరిచి, గ్లాసు పెదాలకి ఆనించుకున్నాను. లోపలి గదిలో మంచం కిర్రుమంది, ఎవరో గోడ పక్కకి జరిగినట్టు.

"అమ్మా," అంది ఇంద్రజ. "నా దుప్పటి తడిసింది."