తొక్కనన్న కోడలు

హాలియాలో ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లకు తీరిక ఉండదు. ఎవరి నడుం పట్టేసినా పొద్దున్నే వచ్చి తొక్కమంటారు. వీధిలో సగం నడుములు మా రూప కాళ్ల కిందే బాగుపడ్డాయని మారెమ్మ కోడలి గురించి గొప్పగా చెప్పుకునేది. అలాంటిది ఆ ఉదయం చాప మీద బోర్లా పడుకున్న అత్తను చూసి, రూప గడప దగ్గరే ఆగిపోయింది.

"జర తొక్కు బిడ్డా. నాట్లకు పోవాలె."

"నేను తొక్క అత్తమ్మా."

"ఊరందరికి తొక్కుతవు. నాకైతే కాళ్లు నొస్తయా?"

చాయ్ తాగుతున్న విజేందర్ భార్యనే కసిరాడు. "ఎక్స్‌రే తీపిచ్చినం గద. బొక్కలకు ఏం కాలేదన్నరు. జర తొక్కితే నీదేం పోతది?"

"నేను తొక్కిన నడుములన్నీ పండుకుంటే నిమ్మలపడేటియి. అత్తమ్మకు పండుకున్నా నొస్తాంది. పొద్దుమూకితే ఒళ్లు కాలుతాంది. నిన్న కాలు తిమ్మిరెక్కిందన్నది. నల్గొండల ఎమ్మారై తీపిద్దాం."

"చాతగాదని చెప్పక గిన్ని సాకులా? నా కూతురైతే గిట్ల చేస్తుండెనా?" అంది మారెమ్మ.

ఆ మాట రూపకు సూటిగా తగిలింది. కళ్లు తుడుచుకుంటూనే అత్త చెప్పులు తెచ్చి ముందు పెట్టింది. "ఎంతన్నా తిట్టు. దవాఖానకైతే నడువు."

దారి పొడుగునా మారెమ్మ మూతి ముడుచుకునే ఉంది. స్కాన్ చూసిన డాక్టర్ ముగ్గురినీ కూర్చోబెట్టాడు.

"వెన్నుపూసల మధ్య ఇన్ఫెక్షన్ చేరింది. ఎముక ఇంకా పాడవలేదు, అందుకే ఎక్స్‌రేలో కనబడలేదు. తొందరగా వచ్చారు కాబట్టి మందులతోనే తగ్గుతుందని నమ్మకం ఉంది. నడుం మీద ఎవరూ తొక్కలేదు కదా? అలా చేస్తే కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది."

విజేందర్ తల దించుకున్నాడు. "లేదు సార్. మా ఆమె తొక్కనన్నది."

ఇన్ఫెక్షన్‌కు కారణమైన క్రిమి ఏదో తేల్చి మందులు మొదలుపెట్టారు. వారాలు గడిచాక జ్వరం దిగింది, తిమ్మిరి పోయింది. నడుముకు బెల్టు కట్టుకుని, కోడలి భుజం పట్టుకుని మారెమ్మ వార్డులో మెల్లగా అడుగులు వేసింది. సగం దూరం పోయి ఆగింది.

"ఆ దినం నువ్వు ఏడుస్తుంటే నేనే గెలిచిననుకున్న బిడ్డా. నిజంగ గెలిస్తే మంచాన పడుతుంటి."

రూప అత్త నడుం చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంది. ఇద్దరూ ఏడుస్తూనే కిటికీ దాకా నడిచారు.