బాణం గుర్తు లేని రాయి

“ఈ రాయికి పైన ఏదండీ, కింద ఏదండీ?”

తొమ్మిదేళ్ల కిందట అతను ఆమెతో అన్న మొదటి మాట అది. బయట కుండపోతగా వాన. కొండలు ఎలా పుట్టాయో తేల్చడానికి వచ్చిన కొత్త జియాలజిస్టు ఆమె. రాళ్లను కాగితమంత పల్చగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టడానికి సిద్ధం చేసే పని అతనిది. అతని చేతిలో ఒక్క రాయీ పగలదని పేరు.

కొండ నుంచి రాయి విరిచేముందు దాని మీద మార్కరుతో బాణం గుర్తు వెయ్యాలి. రాయి ఏ దిక్కుకు తిరిగి ఉండేదో ఆ బాణమే చెబుతుంది. అది లేకపోతే ఖండాలు గుద్దుకున్నప్పుడు కొండ ఎటు నుంచి ఎటు ఒరిగిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

“మర్చిపోయాను. ఒక్క రాయే కదా, కోసెయ్యండి.”

“కొయ్యను. పట్టుకెళ్లి పూలకుండీలో వేసుకోండి.”

ఆమెకు ఒళ్లు మండింది. విసవిసా గేటు దాకా నడిచేసరికి తడిసి ముద్దయింది. అంతలో వెనక నుంచి ఒక గొడుగు వచ్చి తల మీద నిలిచింది.

“రాళ్లకి జలుబు చెయ్యదు. మీకు చేస్తుంది,” అన్నాడు అతను, ముఖం మాత్రం గంటు పెట్టుకునే.

ఆ తర్వాత మూడేళ్లు టీలతో, తగవులతో ఇట్టే గడిచిపోయాయి.

“ఖండాలు గోళ్లు పెరిగినంత నెమ్మదిగా కదులుతాయి మాస్టారూ,” అనేది ఆమె.

“నెమ్మదేనండీ పాపం.”

“నయం, అవి కదులుతాయి. కొందరు మనుషులు అదీ చెయ్యరు.”

అతను తల వంచుకుని రాయి నునుపు చేసుకునేవాడు. ఆమెకు దూరదేశపు కొండల్లో ఉద్యోగం వచ్చినప్పుడూ “జాగ్రత్తండీ” అని ఊరుకున్నాడు. ఇంకో మాట కోసం ఆమె గుమ్మంలో ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలుసు.

అక్కడి నుంచి కోతకి రాళ్లు అతనికే పార్సెల్ చేసేది. ఒకసారి కావాలనే ఒక రాయికి బాణం వెయ్యలేదు. ఫోన్ చేసి తిడతాడని ఆశ. వారం రోజులు ఫోను చేతిలో పట్టుకునే తిరిగింది. చివరికి టైపు చేసిన కాగితం వచ్చింది: “కోతలో రాయి పగిలింది. పొరపాటు మాది.”

తిట్టడానికి కూడా మనసు లేదన్నమాట అనుకుని ఏడ్చింది. ఆ తర్వాత రాళ్లు వేరేచోటికి పంపింది.

ఆమె వెళ్లి ఆరేళ్లయింది. రాళ్లు కోసే గది మూసేస్తున్నారని తెలిసి అక్కడ మిగిలిన తన రాళ్ల పెట్టెల కోసం ఇవాళ వచ్చింది. పెట్టెలన్నది వంక. తానంటే అతనికి ఎప్పుడైనా ఇష్టం ఉండేదా అన్నది తెలుసుకోవాలి. రేపటి నుంచి ఈ గదీ ఉండదు, అతనూ ఇక్కడ ఉండడు.

అతని చెవుల పక్కన జుట్టు నెరిసింది. స్టూలు తుడిచి వేశాడు. తన రాళ్లు వెతుకుతూ ఆమె కింది సొరుగు లాగింది. అందులో మెత్తని గుడ్డలో చుట్టిన రాయి ఉంది. ఆ రాయే. బాణం లేదు, చిన్న బీట కూడా లేదు.

“పగిలిందన్నారు?”

అతను మెడ రుద్దుకున్నాడు. “బాణం లేదని రాస్తే ఆ కాగితం మీ పెద్దాయన బల్ల మీదికి పోతుంది. కొత్త ఉద్యోగం. మాట పడతారని…”

“అందుకని మీ పేరు పోగొట్టుకున్నారా?”

“పోతే పోయిందిలెండి.”

ఆమె రాయిని చేతిలోకి తీసుకుంది. “నేను మర్చిపోలేదు మాస్టారూ. మీరు తిడతారని, మీ గొంతు వినొచ్చని కావాలనే వెయ్యలేదు.”

అతను ఆమె కోసం వేసిన స్టూలు మీద తనే కూలబడ్డాడు. “ఆ ముక్క చెప్పొచ్చు కదండీ! మీరంటే ఇష్టమని చెబుదామని ఎన్నిసార్లు ఫోన్ తీశానో. ఏమనుకుంటారోనని మళ్లీ పెట్టేసేవాణ్ని.”

ఇద్దరికీ నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

కాసేపటికి అతను మార్కరు అందించాడు. “ఇప్పుడైనా బాణం వెయ్యండి మరి.”

“ఇక్కడ కూర్చుని ఎలా వేస్తాను? విరిచిన చోట గుంట అలాగే ఉంటుంది. తీసుకెళ్లి అందులో పెట్టి చూడాలి. చాలా దూరం. ఒక్కదాన్నే వెళ్లలేను.”

అతను లేచి, కోత మిషను ఆపేసి, గోడ మేకుకున్న పాత గొడుగు అందుకున్నాడు.

“అక్కడా వానలేనా?”

“ఎప్పుడూ వానే.”

“అయితే ఇదొక్కటీ చాలు,” అన్నాడు.