బాతు భోజనం

"సారిగారిని ఇవ్వండి," అంది అవతలి గొంతు.

"ఏ సారు కావాలండీ? మా ఆఫీసులో అందరూ సార్లే," అంది భ్రమరాంబ.

"సార్లు కాదండి, సారిగారు. ఇంజను సామాన్లు సూసే ఆయన."

"ఓ, చారిగారా? అలా చెప్పొచ్చుగా."

"అలాగే కదండి నాను సెప్తన్నాది."

భ్రమరాంబ నవ్వాపుకుంటూ లైను కలిపింది. విశాఖపట్నం రేవు పక్కన ఒక షిప్పింగ్ కంపెనీలో ఆమె టెలిఫోన్ ఆపరేటరు. తండ్రి ఉద్యోగం వెంట తణుకు నుంచి వచ్చిన పిల్ల. అవతలివాడు గురునాథరావు. ఊరు ఆనందపురం, ఆ కంపెనీ ఓడలోనే జూనియర్ ఇంజనీరు. ఓడ రేవులో ఉన్నన్నాళ్లూ అతనికి చారిగారితో ఏదో ఒక పని పుట్టుకొచ్చేది. చారిగారు సీట్లో లేరంటే మరీ సంతోషపడేవాడు.

"మీ గొంతు యింటే ఇంజన్ రూములో కూడా సల్లగుంటాదండి," అన్నాడొకసారి.

"లైను బిజీగా ఉందండీ," అని తీసేసింది. ఆ సాయంత్రం దాకా ఎవరికి ఏ లైను కలిపిందో ఆమెకే తెలీదు.

తర్వాత మద్దిలపాలెం బస్టాపులో కలుసుకోవడం, వానలో ఒకే గొడుగు కింద ఎవరి భుజం వాళ్లు తడుపుకోవడం, అన్నీ మామూలే. మామూలు కానిది బాతు. హాంకాంగ్‌లో తిన్న పెకింగ్ డక్ గురించి అతను దేవుడి ప్రసాదం గురించి చెప్పినంత భక్తిగా చెప్పేవాడు.

"తోలు అద్దంలాగ మెరుస్తాది. కొరికితే కరకర. పల్చటి రొట్టెలో ఉల్లికాడ పెట్టి, నల్లటి తియ్యటి సాసు రాసి సుట్టిస్తారు. అది వైజాగ్ వచ్చిన్నాడు ముందు మనమే తినాల."

"మా వైపు బాతుల్ని కాలవలో చూడడమే గానీ కంచంలో చూళ్లేదండీ," అనేది భ్రమరాంబ.

ఆసారి ఓడ బయల్దేరి వెళ్లాక నడిసముద్రంలో ఇంజన్ రూములో పేలుడు జరిగింది. గురునాథరావుకి ప్రాణం దక్కింది. బొంబాయి ఆసుపత్రిలో కాలిన గాయాలు మానాయి. వినికిడి మాత్రం రెండు చెవుల్లోనూ పోయింది. ఇక రాదన్నారు డాక్టర్లు.

ఆ సంగతి భ్రమరాంబకి చెప్పింది చారిగారే. "అతను ఊరొచ్చి నెల దాటిందమ్మా," అన్నారు.

ఆమె టెలిఫోన్ బోర్డు వైపు చూసింది. ఇన్నాళ్లూ ఏ లైటు వెలిగినా అతనేనేమో అనుకుంది. ఎలా చేస్తాడు? చేసి ఏం వింటాడు?

బీచ్ రోడ్డులోని పెద్ద హోటల్‌కి ఆ మధ్యే కలకత్తా నుంచి చైనీస్ వంటవాడొచ్చాడు. పెకింగ్ డక్ కావాలంటే ముందురోజే చెప్పాలి. భ్రమరాంబే ఫోన్ చేసి చెప్పింది. రమ్మని చారిగారి చేత గురునాథరావుకి కబురంపింది.

ఆదివారం మధ్యాహ్నం, వాన. లోపల ఎర్ర లాంతర్లు, ఏసీ చలి, గుసగుసగా మాట్లాడుకునే పెద్దమనుషులు. గురునాథరావు ముందే వచ్చి కూర్చున్నాడు. చిక్కిపోయాడు. మెడ మీద కాలిన మచ్చ.

"బాగున్నావా?" అన్నాడు. హాలంతా వినపడింది. పక్క బల్లల వాళ్లు తల తిప్పి చూశారు.

మెల్లగా అన్నట్టు ఆమె చెయ్యి కిందికి దించి చూపించింది. అతను సిగ్గుపడి గొంతు మరీ తగ్గించేశాడు. ఈసారి ఆమెకే వినపడలేదు. ఇద్దరూ నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు.

వెయిటరు బాతును తెచ్చి చూపించి, వాళ్ల ఎదుటే కొయ్యడం మొదలుపెట్టాడు. కత్తి కింద తోలు పటపటమంది. భ్రమరాంబ చటుక్కున గురునాథరావు వైపు చూసింది. అతను కత్తినే చూస్తున్నాడు.

"సప్పుడవుతందా?" అని అడిగాడు.

ఆమె తలూపింది. అతను రొట్టె చుట్టి ఆమె కంచంలో పెట్టాడు. రుచి అతను చెప్పినట్టే ఉంది. ఒక్క ముక్క కొరికి మిగతాది కంచంలోనే పెట్టేసింది.

"మన పెళ్లికి మీ నాన్నగారేటన్నారు?"

ఆమెకి అబద్ధం చెప్పాలనిపించలేదు. "ఒప్పుకోలేదు. అయినా నేను..."

మొదటి మాట పెదాల మీద చదివి అతను తల దించేసుకున్నాడు. మిగతాది అతనికి చేరలేదు. కంచంలోకి చూస్తూనే మాట్లాడాడు.

"ఆయన తప్పేటీ లేదు. ఆటోనగర్‌లో లేత్ మిషను పని దొరికింది నాకు. ఆ మోతకి సెవిటోడే మంచిదన్నాడు ఓనరు. నా బతుకు నాను బతుకుతాను. నీకు నీ మాట యినీవోడు కావాల. యేరే మనువు సేసుకో."

"ఏవండీ," అంది. మళ్లీ పిలిచింది. అప్పుడు అర్థమైంది భ్రమరాంబకి. తలెత్తితే జవాబు తెలుస్తుంది. అందుకే ఎత్తడం లేదు.

ఆమె లేచి వెళ్లి అతని పక్కన కూర్చుంది. గడ్డం కింద చెయ్యి పెట్టి మొహం తనవైపు తిప్పుకుంది.

"అందరూ సూస్తన్నారు," అన్నాడు.

"చూడనివ్వండి. మీరు నన్ను చూడండి." ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "మా నాన్న ఒప్పుకోకపోయినా మీ ఇంటికే వస్తాను."

"జాలా?"

"కోపం. కబురైనా చెయ్యకుండా దాక్కున్నారు."

అతని కళ్లు నిండాయి. "నీ గొంతు మర్సిపోతన్నాను, బెమరాంబా. ముందు రోజూ గుర్తు సేసుకునీవోడిని. ఇప్పుడు ఎంత తలుసుకున్నా రాట్లేదు."

రోజంతా ఎవరెవరికో వినిపించే ఆ గొంతు అతనికి మాత్రం ఇక లేదు. ఆమె బల్ల మీద అతని చెయ్యి పట్టుకుంది. చల్లారిపోయిన బాతును ఇద్దరూ తిన్నారు.

బయటికొచ్చేసరికి వాన వెలిసింది. రోడ్డు దాటి సముద్రం దగ్గర నిలబడ్డారు. గాలికి కెరటాలు లేచి రాళ్లను మోదుతున్నాయి. పక్కనున్న మనిషి మాట కూడా వినపడనంత హోరు.

"సముద్రం మోత పెడతందా?" అన్నాడు గురునాథరావు.

భ్రమరాంబ తల అడ్డంగా ఊపింది.

అతను ఎగిరిపడే నురగ వైపు చూశాడు. తడిసిన ఆమె మొహం వైపు చూశాడు.

"పెళ్లైనాక కూడా ఇలాగే అబద్దాలాడతావేటి?"

ఆమె ఏడుస్తూనే, ఆడతానన్నట్టు తలూపింది.