ఖాళీగా వదిలిన మొదటి గది

జ్ఞానమ్మ బియ్యం కడగబోతూ ఆగింది. ముందుగా ఓ గుప్పెడు తీసి చర్చికిచ్చే బియ్యం డబ్బాలో వేసింది. మిగిలినవి గిన్నెలో పోసింది.

వంటింటి గుమ్మంలో కూర్చున్న ఆమె అన్నయ్య మత్తయి అది చూశాడు. రిటైర్డ్ పోలీసు ఇన్‌స్పెక్టర్. ఇంట్లో జరిగిన దొంగతనం వీధిలోకి పొక్కకూడదని చెల్లెలు కబురు పెట్టింది.

అమలాపురం, 1989. ముందుగదిలో ఆమె కొడుకు వరప్రసాదం నడిపే కంప్యూటర్ సెంటర్. పోయింది కోడలు సుందరి ఫ్లాపీ. అందులో ఆమె రాసిన ప్రోగ్రాం. పదకొండింటికి ట్రావెలర్స్ బంగళాలో హైదరాబాద్ కంపెనీ ఆఫీసరు దాన్ని చూస్తాడు. రాసినవాళ్లకే ఉద్యోగం.

మత్తయి ముందుగదిలోకి వచ్చేసరికి అదే ప్రోగ్రాం వరప్రసాదం పేరుతో తెర మీద ఉంది.

“నాదే మావయ్యా. తనకి నేర్పిందే నేను.”

“ఏం చేస్తుందిరా ఇది?”

“తెర మీద ఈ చతురస్రం విండో. దానికి ఎత్తు, వెడల్పు, రంగు, పేరు ఉంటాయి. ప్రోగ్రాంలో కర్సర్ అనే క్లాస్, అంటే ఓ భాగం, వాటిని వరసగా ఒక్కొక్కటీ చదువుతుంది.”

“నువ్వేమంటావమ్మా?” గోడవారగా నిలబడ్డ సుందరిని అడిగాడు మత్తయి.

“నేనే రాశానండి.”

“సాక్ష్యం?”

“లేదండి.”

వరప్రసాదం నవ్వాడు. “వచ్చినవాళ్లంతా ‘సుందరిగారున్నారాండీ’ అనడమే. నేనేదో ఆవిడ గుమాస్తానైనట్టు!”

మత్తయి తెర దగ్గరికి జరిగాడు. వివరాలకి అయిదు గదులున్నాయి. మొదటిది ఖాళీ.

“ఇదెందుకు వదిలావ్?”

“అదా... పొరపాటు. తీసేస్తా.”

తీసేశాడు. ప్రోగ్రాం నడిపాడు.

వెడల్పు వచ్చింది. రంగు వచ్చింది. పేరు వచ్చింది.

“ఎత్తేదిరా?”

వరప్రసాదం నుదురు తుడుచుకున్నాడు.

“నువ్వు చెప్పమ్మా.”

“కర్సర్ ముందు ఖాళీ గదిలో నిలబడుతుందండి. పద అంటేనే కదులుతుంది. ఆ గది తీసేస్తే ఎత్తు మీద నిలబడి, దాన్ని చదవకుండానే ముందుకెళ్లిపోతుంది.”

“ఎలా తట్టింది నీకు?”

“మొదటి గుప్పెడు పక్కన పెట్టాకే కదండీ వండుతాం. అలవాటు.”

“ఆయ్.” మత్తయి మేనల్లుడి వైపు తిరిగాడు. “మీ అమ్మ రోజూ చేసేదే. వంటింట్లోకి ఒక్కసారి తొంగిచూసినా అబద్ధం సరిగ్గా చెప్పేవాడివి. ఫ్లాపీ తియ్యి.”

వరప్రసాదం సొరుగు తాళం తీసి ఫ్లాపీ బల్ల మీద పెట్టాడు.

“నువ్వెళ్లిపోతే నన్నెవరడుగుతారు?” అన్నాడు వరప్రసాదం, భార్యని చూడకుండా.

సుందరి ఫ్లాపీని కొంగుతో తుడిచి సంచిలో పెట్టుకుంది.

“రెండు ముద్దలు తినెళ్లవే అమ్మా,” అంది జ్ఞానమ్మ.

వరప్రసాదం గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. సుందరి చెప్పులు తొడుక్కుని ఎదురుగా ఆగింది. అతను పక్కకి తప్పుకున్నాడు.

ఆమె మెట్లు దిగింది.