నలభై రోజులు ముట్టుకోకూడదు

ముప్పై నాలుగేళ్ళు నిండినా ఆ ఇంట్లో ఆమె పేరు చిన్నదే. ఆ శనివారం కూడా చిన్నది ఎప్పట్లాగే చెమ్మ వాసనతో నిద్ర లేచింది. మంచానికి మూడు పక్కలా బల్లలు, బల్లల మీద తడి ఇసుక ట్రేలు, ట్రేల నిండా జానెడేసి అంజూర కొమ్మలు, పైన ప్లాస్టిక్ ముసుగులు. గాలి తగిలితే కొమ్మలు ఎండిపోతాయని అమ్మ కిటికీ రెక్కలకి టేపు అంటించి నాలుగు నెలలైంది. పేరుకే అది తన గది. అందులో అద్దెకుంటున్నది తనేమో అనిపించేది చిన్నదానికి.

కొమ్మల నుంచి చెట్లు పుట్టించడమే ఆ ఇంటి బతుకుతెరువు. నాన్న పోయాక అమ్మ మొదలుపెడితే చిన్నది నిలబెట్టింది. కణుపు కింద ఏటవాలుగా కోసి ఆమె ఇసుకలో గుచ్చిందంటే ఎండుపుల్లయినా వేరు తొడగాల్సిందే. "మా చిన్నదాని హస్తవాసి అలాంటిది" అని అమ్మ వచ్చిన వాళ్ళందరికీ చెప్పేది. ఆ మెచ్చుకోలే ఆమెని గడప దాటనివ్వలేదు.

బస్సులో ఆరుగంటల దూరంలో ఉన్న పెద్ద తోటల కేంద్రం వాళ్ళు ఉద్యోగానికి పిలిచారు. ఈ పనే పదిమందికీ నేర్పాలి. ఉండటానికి గది ఇస్తామన్నారు. అమ్మ వద్దనలేదు, ఒక్క షరతు పెట్టింది. "మీ వదిన చేత్తో ఒక్క ట్రే వేరు పట్టనీ. ఆ తర్వాత మహారాణిలా వెళ్ళు."

వదిన రెండు ట్రేలు నాటింది. రెండూ చిగురేశాయి, ఆశపెట్టాయి, నలభయ్యో రోజుకి నల్లబడి చచ్చాయి. ఇది మూడోది. రేపటికి నలభై రోజులు. ఎల్లుండి సోమవారం చేరకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని అక్కడివాళ్ళు తెగేసి చెప్పారు.

"రేపు కూడా ఎండుపుల్లలే వస్తే మీ అమ్మ వాటితో పాటు నన్నూ పొయ్యిలో పెట్టేస్తుంది, చిన్నమ్మాయ్" అంది వదిన, గిన్నెలు తోముతూ.

"పొద్దున్నే ఏం మాటలు వదినా!"

"మరి? నాది ముదనష్టపు చెయ్యని వీధి వీధంతా చెప్పొచ్చిందిగా. మీ అన్నయ్య కూడా నమ్మేశాడు. నేను నీళ్ళు పోస్తానంటే పూలకుండీ పక్కకి జరుపుతాడు!"

చిన్నది నవ్వేసి, దానిమ్మ మొక్కల సంచులు పట్టుకుని కొట్లో ఇచ్చి రావడానికి వెళ్ళింది. మామూలుగా గంట పడుతుంది. ఆరోజు కొట్టు తీయలేదు. పావుగంటలో తిరిగొచ్చేసింది.

గది తలుపు తోసేసరికి అమ్మ వదిన ట్రే ముందు గొంతుక్కూర్చుని ఉంది. ముసుగు సగం లేచి ఉంది. చేతిలో ఒక కొమ్మ, దాని మొదట్లో బియ్యపుగింజంత తెల్లటి వేరు, ఆ వేరు మీద అమ్మ బొటనవేలి గోరు.

నాటాక నలభై రోజులు కొమ్మని ముట్టుకోకూడదన్నది అమ్మ పెట్టిన కట్టడే. చిన్నప్పుడు ఒకసారి పీకి చూసినందుకు చిన్నదాని వీపు విమానం మోత మోగించింది కూడా.

"ఏం చేస్తున్నావమ్మా?"

అమ్మ ఉలిక్కిపడింది. "ఏం లేదే... వేరొచ్చిందేమోనని..."

"వస్తే తుంచేస్తున్నావా?"

అమ్మ కొమ్మని మళ్ళీ ఇసుకలో గుచ్చబోయింది.

"మూడు ట్రేలూ నువ్వేనా? నాలుగు నెలలుగా నన్ను ఈ గదిలో కూర్చోబెట్టింది నువ్వేనా?" చిన్నది ముసుగు పూర్తిగా లాగేసింది. "వెళ్ళొద్దని ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"చెబితే ఆగుతావా? మీ అన్నయ్య పొద్దున పోతే రాత్రికి గానీ రాడు. వదినతో నాకు మాట కలవదు. నువ్వూ పోతే గోడలతో మాట్లాడుకోనా? భయమేసిందే. ఒక్కసారే అనుకున్నాను. ఒకటి తుంచాక రెండోదానికి చెయ్యి ఆగలేదు."

గుమ్మంలో వదిన నిలబడి ఉంది, చేతులకి ఇంకా సబ్బు నురగ. ఎప్పటినుంచి వింటోందో!

"అయితే నా చేతికేం రోగం లేదన్నమాట" అంది నెమ్మదిగా. గట్టిగా అరిచినా బాగుండేది.

చిన్నది మంచం అంచున కూలబడింది.

"వదినా, నాకు తెలుసు."

ఇద్దరూ ఆమె వంక చూశారు.

"రెండో ట్రే పీకినప్పుడే చూశాను. మొదళ్ళలో వేర్లు తెగిన గుర్తులున్నాయి. నాకు తెలియకపోవడమేంటి, ఇరవయ్యేళ్ళుగా ఇదే పనాయె! బూజు అని సరిపెట్టుకున్నాను. ఇక్కడ్నుంచి కదిలితే నా చెయ్యి పనిచేస్తుందో లేదోనని లోపల పీకుతూనే ఉంది. కదలనివ్వకపోతే బాగుండుననే అనుకున్నాను. నీది ముదనష్టపు చెయ్యని అంటుంటే విని నోరు మూసుకున్నాను." ఇక ఏడుపు ఆగలేదు. "అమ్మ తుంచింది. నేను తుంచనిచ్చాను."

వదిన ట్రే దగ్గరికొచ్చి, అమ్మ ఇంకా ముట్టుకోని వరసలోంచి ఒక కొమ్మని సర్రున లాగింది. మూడు వేర్లు, పొడుగ్గా, తెల్లగా. అరచేతిలో పెట్టుకుని చూసి చూసి భోరుమంది.

"నీ చెయ్యేనమ్మా. నీ చెయ్యి మంచిదే" అంది అమ్మ, తల ఎత్తకుండా.

"ఆ మాట వీధంతా తిరిగి చెప్పండి అత్తయ్యా, ఇంటింటికీ!" వదిన ముక్కు చీదుకుని చిన్నదాని వైపు తిరిగింది. "నీ మీద కోపం నాకు ఇప్పట్లో పోదు. పోయేదాకా నా ఎదురుగా ఉండకు. మధ్యాహ్నం బస్సు ఎన్నింటికి?"

"రేపు వెళ్దామనుకున్నా..."

"రేపటికి తల్లీకూతుళ్ళిద్దరూ కలిసి ఇంకో వంక వెతుకుతారు. లే!"

అటక మీంచి సంచీ కిందికి దించింది వదినే. బట్టలు మడతపెట్టింది మాత్రం అమ్మ. ఒక్కో మడతా విప్పి మళ్ళీ పెడుతోంది. ఎంతసేపటికీ ఆ నాలుగు జతలూ తెమలడం లేదు.

"నువ్వు లేకపోతే నాకెలా పొద్దుపోతుందే?"

"తెలీదమ్మా" అంది చిన్నది, ఆమె చేతుల్లోంచి చివరి జత తీసుకుంటూ. "నాకెలా పోతుందో కూడా తెలీదు."

సంచీ జిప్పు పట్టేసింది. అమ్మ రెండు అంచులూ దగ్గరికి లాగి పట్టుకుంటే చిన్నది మూసింది.