గురవమ్మ వేళ్లు

నరసరావుపేటలో డిటెక్టివ్ అంటే పెళ్లిసంబంధాల ఆరా తీసే మనిషనే అందరి అభిప్రాయం. కృపావరం పని కూడా చాలావరకు అదే. ఇరవై ఏళ్లు ఆసుపత్రి ల్యాబులో రక్తం పరీక్షించి, ఆ తర్వాత మనుషుల్ని పరీక్షించడానికి దిగాడు. అసిస్టెంటు కుల్సుం ఒకప్పుడు నర్సు. ఆయన తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉంటుందని నమ్మే మనిషి.

ఆ ఉదయం శ్రీదివ్య కారంపూడి బస్సు దిగి నేరుగా వాళ్ల ఆఫీసుకు వచ్చింది. పెళ్లయి మూడు నెలలు.

“మా అత్తయ్యకు నేను మందు పెట్టానంటున్నారు సార్. రేపు స్టేషన్లో కంప్లైంట్ ఇస్తారంట.”

అత్త గురవమ్మకు పదిహేను రోజులుగా పెదాల చుట్టూ తిమ్మిర్లు. చేతివేళ్లు అప్పుడప్పుడు వాటంతటవే ముడుచుకుపోయి, లాగినా విడవడం లేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ చూసి ఒళ్లు బిగుసుకుపోయేలా చేసే ముషిణి గింజల విషంలా ఉందన్నాడు. గురవమ్మ కాశీ నుంచి తిరిగొచ్చి మూడు వారాలు. వంటిల్లు కోడలి చేతికి వచ్చిందీ అప్పుడే. ఇంకేముంది, అనుమానం కోడలి మీదికే పోయింది. మీ ఆయన ఏమన్నాడని కృపావరం అడిగాడు. ఏమీ అనలేదని చెప్పి ఆమె తల దించుకుంది.

మధ్యాహ్నానికి ముగ్గురూ కృపావరం కారులో కారంపూడి చేరారు. మామ ఆంజనేయులుకు డిటెక్టివు గడప తొక్కడం బొత్తిగా నచ్చలేదు. గురవమ్మ మాత్రం మంచం మీద నుంచే అడిగినవాటికి జవాబులు చెప్పింది. మెడ మీద మచ్చ ఎనిమిదేళ్ల కిందటి గడ్డ ఆపరేషన్‌ది. జీవితాంతం వేసుకోమన్న మాత్రలు, ఒళ్లు బాగానే ఉంది కదా అని ఏడాదికే మానేసింది. ఇంట్లో అందరూ తినేది ఒకే వంట. కోడలు విడిగా ఇచ్చేది రెండుపూటలా గ్లాసు పాలు.

“పదిరోజుల నుంచి ఆ పాలు తాగట్లా. దొడ్లో పారబోస్తన్నా,” అందామె.

“తర్వాత తగ్గిందా?”

“ఏడ తగ్గింది? ఇంకా ఎక్కువైంది.”

కృపావరం చెప్పినట్టే కుల్సుం బీపీ పట్టీ గురవమ్మ చేతికి చుట్టి, గాలి కొట్టి అలాగే ఉంచింది. మూడు నిమిషాల్లో వేళ్లు అన్నం ముద్ద పట్టినట్టు దగ్గరకు ముడుచుకున్నాయి. కృపావరం చూపు ఆమె పళ్ల మీది ఎర్ర గారకు మళ్లింది.

“కాశీలో ఏం వదిలి వచ్చావమ్మా?”

“ఆకూ వక్కా. చానా ఇష్టమైంది వదలాలంటగా. రోజుకు ఇరవైసార్లన్నా నమిలేదాన్ని.”

కృపావరం ఇంట్లోవాళ్లందర్నీ మంచం దగ్గరికి పిలిపించాడు. శ్రీదివ్య భర్త శ్రీకాంత్ వచ్చి ఆమెకు ఎడంగా నిలబడ్డాడు.

“ఈ ఇంట్లో ఎవరూ విషం పెట్టలేదు. పాలలో విషముంటే, మానేశాక జబ్బు తగ్గాలి. మెడలో థైరాయిడ్ వెనక కందిగింజంత గ్రంథులు నాలుగుంటాయి. రక్తంలో కాల్షియం తగ్గితే ఎముకల్లోంచి తీయించి భర్తీ చేయడం వాటి పని. ఆపరేషన్లో అవి దెబ్బతిని ఉంటాయి. ఆ మాత్రలు అందుకే.”

ఏడేళ్లుగా మాత్రలు లేకపోయినా ఏమీ కాలేదే అని ఆంజనేయులు అడ్డుతగిలాడు.

“ఆకుకు రాసే సున్నంలో ఉండేది కాల్షియమేనండి. ఇన్నాళ్లూ మాత్ర పని అదే చేసింది. కాశీలో ఆకుతో పాటు అదీ పోయింది. పాల వల్ల అందే కాస్త కాల్షియాన్ని ఈమె అనుమానంతో పారబోసింది.”

కండరం బిగియాలంటే కాల్షియం కావాలి కదా, తగ్గితే సడలాలి గానీ బిగుసుకోవడమేమిటని కుల్సుం అడిగింది.

“కండరం తనకు కావాల్సింది లోపలే దాచుకుంటుంది. ఇక్కడ తగ్గింది రక్తంలో. అక్కడ తగ్గితే నరాలు అదుపు తప్పి, అడక్కుండానే కండరాల్ని బిగిస్తాయి. ఇందాక పట్టీ బిగిస్తే వేళ్లు ముడుచుకున్నది అందుకే. ఇలాగే గొంతు బిగిస్తే ఊపిరాడదు. రక్తపరీక్షా, ఇంజెక్షనూ ఇవాళే జరగాలి.”

మాత్ర మింగితే కాశీ మొక్కేమీ చెడదని కృపావరం చెప్పాక గురవమ్మ కోడలి వైపు తిరిగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“తప్పు నాదేనే తల్లీ.”

“నమ్మకపోయినా పర్లేదు అత్తయ్యా. ఒక్కసారి నన్ను అడగాల్సింది,” అంది శ్రీదివ్య.

అత్తను పట్టుకుని నడిపించి, కారు వెనక సీట్లో కూర్చోబెట్టి శ్రీదివ్య తనూ పక్కనే ఎక్కింది. శ్రీకాంత్ అవతలి తలుపు తీయబోయాడు. ఆమె చెయ్యి చాచి గడియ నొక్కింది.

“అత్తయ్యను నేను చూసుకుంటా. నువ్వు బస్సులో రా.”