ఎర్రగీత లేని బొమ్మ

“ఇది వానేనా అండీ?”

గుమ్మంలో నిలబడి అడిగాడతను. ఒక చేతిలో ఆమె వేసిన పోస్టరు ప్రూఫు, ఇంకో చేతిలో భూతద్దం.

బయట ఎండ మండిపోతోంది. ఆమె మాత్రం పది రోజులుగా వానలోనే ఉంది. గొడుగుల కంపెనీకి వానాకాలం పోస్టరు మరి.

“మీకేమనిపిస్తోంది?” అంది కుర్చీ తిప్పకుండానే.

“నీలిరంగు పీపా ఒలికినట్టుంది. దీనికి గొడుగు చాలదు, పడవ కావాలి.”

అప్పుడు తిప్పింది కుర్చీ. “మీరెవరు?”

“కింద ప్రెస్సులో కొత్తగా చేరాను. ప్రూఫులు చూడ్డం నా పని. నేను సంతకం పెడితేనే ఏదైనా మిషనెక్కేది.”

“అయితే పెట్టండి.”

“పెట్టను. మీ కంప్యూటర్లో కనిపించే నీలం వేరు, కాగితం పీల్చుకునే నీలం వేరు. ఇలాగే కొడితే గొడుగు కింద పిల్ల మొహం కూడా నీలంగా వస్తుంది. వానకి మురిసిపోతున్నట్టు ఉండదు, చలికి చచ్చిపోతున్నట్టు ఉంటుంది.”

ఆమెకు ఒళ్ళు మండింది. అతను చెప్పింది నిజమే కావడంతో ఇంకాస్త మండింది. మధ్యాహ్నం దాకా కూర్చుని నీలం తగ్గించి, కొత్త ప్రూఫు తీసుకుని తానే కిందికి దిగింది.

“ఇప్పుడు చూడండి.”

అతను భూతద్దం పెట్టి మూలమూలా చూశాడు. తర్వాత అదే భూతద్దంలోంచి ఆమెను చూశాడు. పెద్దదైపోయిన ఒక కన్ను రెప్పవేసింది.

“ఇప్పుడు తడుస్తోందండీ,” అని సంతకం పెట్టాడు.

ఆ రోజు నుంచి ఆమె దృష్టిలో అతని పేరు భూతద్దం. అతనూ ఊరుకోలేదు. ఆమె పని ఎప్పుడూ ఒక కాలం ముందు నడుస్తుంది. ఎండల్లో వాన గీస్తుంది. వానల్లో దుప్పట్ల దుకాణానికి చలికాలం కరపత్రం వేస్తుంది. చలిలో స్వెట్టరు వేసుకుని, బస్సు యాత్రల కంపెనీ వాళ్ళ వేసవి పుస్తకానికి ఎండ పూస్తుంది.

“అడ్వాన్సుగారూ, ఇవాళ మీ దగ్గర ఏ కాలం?” అని మెట్ల కింద నుంచే కేకేసేవాడు.

“చలి. రగ్గు కప్పుకుని రండి.”

“టీ తెస్తున్నాను, చాలదా?”

టీ రెండు కప్పులైంది. రెండు కప్పులు కాస్తా సాయంత్రం బస్‌స్టాపు దాకా నడకైంది. దుప్పట్ల పని అయిపోగానే ఆమె రెండు రోజులు సెలవు పెట్టింది. ఫోను కూడా కట్టేసింది. తిరిగి వచ్చాక అతను మొహం ముడుచుకుని కూర్చున్నాడు.

“ఎక్కడికెళ్ళారు?”

“సముద్రానికి. ఒక్కో కాలం పని అప్పగించాక వెళ్తాను. ఆరేళ్ళ నుంచీ అలవాటు.”

“ఏ సముద్రం?”

“చెప్పకూడదు. టీచరుగారికి మాటిచ్చాను.”

రిటైరైన టీచరుగారొకామె ఒడ్డున ఒంటరిగా ఉంటుంది. మేడ మీద ఒకే ఒక్క గది. కిటికీ తెరిస్తే నీళ్ళు. తెలిసినవాళ్ళు నలుగురైదుగురికి తప్ప ఇవ్వదు. బోర్డు పెట్టలేదు. ఊరు ఫలానా అని ఎవరికీ చెప్పకూడదన్నదొక్కటే ఆవిడ షరతు. ఆ గదిలో ఆమె వేసుకునే బొమ్మలు ఏ కంపెనీకీ కావు. ఏడాదిలో తన కోసం తాను గీసుకునేది ఆ మూడు సార్లే. మిగతా రోజుల్లో ఇతరుల కాలాలకు రంగులు వేసే ఓపిక ఆమెకు అక్కణ్ణుంచే వచ్చేది.

అటువంటి చోటికి ఒక ఆదివారం అతన్ని వెంటబెట్టుకుని వెళ్ళింది. ఆరేళ్ళలో ఎవర్నీ తీసుకెళ్ళలేదు.

టీచరుగారు అతన్ని కాలి చెప్పుల నుంచి తల దాకా చూసింది. “ఎవరీ అబ్బాయి?”

“మా ప్రెస్సులో తప్పులు పడతాడండీ.”

“ఇక్కడేం పట్టడానికొచ్చాడట?”

“ఇక్కడ ఒక్కటీ కనపడట్లేదండీ,” అన్నాడతను వినయంగా.

“బాగా చూడు, కనపడుతుంది. ఆ మూడో మెట్టు విరిగింది. దిగేటప్పుడు పళ్ళు రాలగొట్టుకోకు.”

ఆమె నవ్వు ఆపుకోలేక బొమ్మల పుస్తకం పట్టుకుని ఒడ్డుకు పరిగెత్తింది. ఇల్లు, మెట్లు, దండెం మీద ఎగిరే దుప్పటి, మలుపులో ఊరి పేరున్న మైలురాయి, వెనక సముద్రం. ఒకటొకటే కాగితం మీదికి దించుకుంది. ఉన్నట్టుండి చినుకులు మొదలయ్యాయి. అతను చొక్కా మీది స్వెట్టరు విప్పి ఆమె పుస్తకం మీద పట్టాడు.

“మీరు తడుస్తున్నారు,” అంది.

“నేను కరగను. నీ రంగులు కరుగుతాయి.”

నీ అన్నాడు. ఇద్దరూ గమనించారు. ఇద్దరూ సముద్రంకేసి చూశారు.

మళ్ళీ అతనే అన్నాడు. “ఇంత మంచి బొమ్మ నీ పుస్తకంలో మగ్గిపోవడమేంటి? జనం చూడాలి.”

“వద్దు. ఇది నాది. జనానికి కాదు.”

“సరే తల్లీ, నీదే.”

తిరుగు బస్సులో నిద్రపోతున్నట్టు నటిస్తూ అతని భుజం మీద తల ఆన్చింది. నటనని అతనికి తెలుసు. తెలియనట్టే కదలకుండా కూర్చున్నాడు.

తర్వాత వేసవి పుస్తకం వచ్చింది. నలభై వేల ప్రతులు. అట్ట మీద వెయ్యాల్సిన ఫొటో యాత్రల కంపెనీ వాళ్ళు ఎంతకీ పంపలేదు. కొలత సరిచూసుకోడానికి ఆ జాగాలో ఏదో ఒక బొమ్మ ఉండాలి. చేతికందింది కదా అని ఆమె సముద్రపు బొమ్మ పెట్టి, దాని మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఎర్రగీత కొట్టింది. ఎర్రగీత ఉన్న బొమ్మ అచ్చుకు పోకూడదు, అసలుది రాగానే తీసెయ్యాలి. ఆ ప్రెస్సులో ఊడ్చే ఆవిడకు కూడా తెలిసిన పద్ధతి అది.

“ఫొటో రేపొస్తుందట. రాగానే మార్చేస్తావు కదా?” అని అతనికి చెప్పి, ఈసారి అక్క కూతురి పెళ్ళిచూపులకని ఊరెళ్ళింది.

నాలుగో రోజు తిరిగొచ్చేసరికి కట్టలు కట్టలుగా పుస్తకాలు లారీ ఎక్కేశాయి. బల్ల మీద ఒకటి మిగిలింది. అట్ట నిండా టీచరుగారి ఇల్లు. మైలురాయి మీద ఊరి పేరు, భూతద్దం అక్కర్లేకుండా.

ఆమె దాన్ని పట్టుకుని కిందికి వచ్చింది. “ఎర్రగీత లేదా దీని మీద?”

అతను ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు.

“లేదు,” అన్నాడు. “గీత లేకపోయేసరికి, ఫొటో బదులు ఇదే ఖాయం చేశావనుకున్నాను.”

పైకెళ్ళి ఫైలు తెరిచింది. నిజంగానే గీత లేదు. కొట్టినట్టే గుర్తు. కానీ లేదు. యజమాని ఇద్దర్నీ పిలిస్తే, అతను నోరు తెరిచేలోపే తానే చెప్పేసింది. “నేనే మర్చిపోయానండీ.”

యాత్రల కంపెనీ వాళ్ళకు బొమ్మ తెగ నచ్చింది. కాబట్టి ఉద్యోగం పోలేదు. వేసవి మొదలవగానే ఆ ఒడ్డుకు రోజుకు ఆరు బస్సులు వెళ్ళాయి. ఆమె క్షమించమని రాసిన మూడు ఉత్తరాలకూ కలిపి టీచరుగారు ఒక్క జవాబు రాసింది. ‘నువ్వు కావాలని చెయ్యలేదని నాకు తెలుసు. అయినా ఇంక గది లేదు. తలుపు కొట్టేవాళ్ళకు భయపడి మా తమ్ముడి దగ్గరికి పోతున్నాను.’

ఆ ఉత్తరం తర్వాత ఆమె చెయ్యి మీద ఆమెకే నమ్మకం పోయింది. పంపిన ఫైలు మళ్ళీ తెరిచేది. ఇంటికెళ్ళి గ్యాసు కట్టేశానా లేదా అని మూడుసార్లు లేచేది. కాలాల పని నాకొద్దని యజమానికి చెప్పి, మందు సీసాల చీటీలు వేసుకుంటూ కూర్చుంది. అక్షరాలు, గీతలు, ఖాళీ గళ్ళు. వాటిల్లో మర్చిపోవడానికేం ఉండదు.

అతను రోజూ టీ తెచ్చేవాడు. “ఎన్నాళ్ళిలా? తప్పులు అందరూ చేస్తార్లే.”

“నువ్వైతే చెయ్యవు. అంత జాగ్రత్త నీకు.”

అతను కప్పులో టీని చూస్తూ కూర్చునేవాడు. ఎంత మంచివాడు అనుకునేది ఆమె. తన చేతగానితనాన్ని కూడా ప్రేమించగలిగేవాడు ఇంకెవడు దొరుకుతాడు? అందుకే, మొదటి వాన పడిన రోజు, “మా అమ్మ నిన్ను చూడాలంటోంది. వస్తావా?” అని అడిగితే ఆలోచించకుండా తలూపింది.

వాళ్ళది రెండు గదుల ఇల్లు. తల్లి కుట్టుమిషను మీది గుడ్డలు పక్కకు నెట్టి కుర్చీ వేసింది.

“మా వాడు చెప్పినదానికన్నా సన్నగా ఉన్నావే.”

“ఏం చెప్పాడాంటీ?”

“చెప్పనిదేముంది? ఏడాది నుంచీ ఇంట్లో నీ భజనే. ఒరేయ్, గుడ్లప్పగించి నిలబడకు. బిస్కెట్లు అయిపోయాయి, పట్రాపో.”

అతను గొడుగు తీసుకుని నవ్వుకుంటూ వెళ్ళాడు. తల్లి ఆమె చెయ్యి పట్టుకుంది.

“నాకు నువ్వు నచ్చావమ్మా. మీ ఇంట్లో పెద్దవాళ్ళతో ఎప్పుడు మాట్లాడమంటే అప్పుడు వస్తాను. వాడు కాస్త మొహమాటస్తుడు. మనసులోది బయటపెట్టడానికి ఏళ్ళు పడుతుంది. నువ్వే సర్దుకోవాలి.” లేచి బీరువా తెరిచింది. “నీ బొమ్మ ఎంత భద్రంగా దాచుకున్నాడో చూద్దువు గానీ.”

అట్టపెట్టెలోంచి ఒక కాగితం తీసి ఆమె ఒళ్ళో పెట్టింది.

“బంగారం లాంటి బొమ్మ. మధ్యలో ఆ ఎర్రగీత ఎందుకు కొట్టావమ్మా?”

ప్రూఫు కాగితం. కింద తేదీ ఉంది, గంట ఉంది. ఆమె ఊరెళ్ళిన మర్నాడు. మూల నుంచి మూలకు తన గీత. మర్చిపోని గీత.

“పొరపాటున కాదాంటీ,” అంది మెల్లగా. “తెలిసే కొట్టాను.”

అతను తడిసిన చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. ఆమె ఒళ్ళోది చూశాడు. బిస్కెట్ల పొట్లం చేతిలోనే ఉండిపోయింది. ఆమె లేచి ఆ తల్లికి నమస్కారం పెట్టి బయటికి నడిచింది. అతను గొడుగు తెరుస్తూ వెనకాలే వచ్చాడు.

“ఒక్క మాట విను. వాళ్ళు పంపిన ఫొటో దరిద్రంగా ఉంది. ప్రూఫులో నీ బొమ్మ చూసి ఇదే కావాలన్నారు. నీకు ఫోన్ చెయ్యబోయాను. చేస్తే వద్దంటావని ఆగాను. నలభై వేల మంది చేతుల్లో నీ బొమ్మ చూస్తే సంతోషిస్తావనుకున్నాను. గీత నేనే తీశాను.”

“అది తప్పు. తప్పులు అందరూ చేస్తార్లే.”

“అలా అనకు.”

“నువ్వన్న మాటే కదా. రోజూ అన్నావు. లేదా అని అడిగితే లేదన్నావు చూడు, ఆ రోజు కూడా ఏదో భయపడ్డావనుకుంటాను. మర్నాడు?”

అతను గొడుగు పూర్తిగా తెరిచాడు.

“ఆ మర్నాడు? నేను గ్యాసు కట్టేశానో లేదోనని ఏడుస్తూ నీకు ఫోన్ చేసినప్పుడు?”

“చెబితే నువ్వు నన్ను అసహ్యించుకుంటావని…”

“అందుకని నన్ను నేనే అసహ్యించుకుంటుంటే టీ పోస్తూ చూశావు.”

వాన జోరందుకుంది. అతను గొడుగు ఆమె మీదికి వంచాడు. ఆమె పక్కకు జరిగింది.

“నువ్వంటే నాకు ప్రాణం,” అన్నాడు. ఏడాదిగా ఆమె వినాలనుకున్న మాట అది.

“తెలుసు,” అంది. అబద్ధమాడలేదు.

మర్నాడు యజమాని గదిలోకి వెళ్ళి, చలికాలం కరపత్రం నేనే వేస్తానండీ అని చెప్పింది. ఆయన ఆశ్చర్యపోయాడు. రెండు వారాల్లో పూర్తి చేసింది. మళ్ళీ తెరిచి చూడకుండా పంపింది. అతను సంతకం పెట్టిన ప్రూఫు వేరే మనిషి చేత పైకి పంపించాడు.

అలవాటు ప్రకారం రెండు రోజుల సెలవు మిగిలింది. గది లేదని తెలిసీ బస్సెక్కింది. టీచరుగారి కిటికీలు మూసి ఉన్నాయి. గోడకు బస్సు వేళల కాగితం అంటించారు. మెట్ల మీద జనం కూర్చుని మొక్కజొన్న కండెలు తింటున్నారు.

అతను మైలురాయి పక్కన నిలబడి ఉన్నాడు.

“టీచరుగారి తమ్ముడి ఇంటికి వెళ్ళొచ్చాను,” అన్నాడు. “అంతా చెప్పాను. నీ తప్పు లేదని చెప్పాను.”

“ఏమన్నారు?”

“లోపలికి రమ్మన్లేదు. ఆ అమ్మాయికి చెప్పావా అని మాత్రం అడిగారు. తనకే తెలిసిపోయిందన్నాను. తలుపేసుకున్నారు.”

ఆమె తల పంకించింది. ఇద్దరూ మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఎడంగా నిలబడి నీళ్ళకేసి చూశారు.

కొత్తగా పెళ్ళైన జంట లాగుంది, ఒక అమ్మాయీ అబ్బాయీ వచ్చారు. అమ్మాయి చేతిలో నలిగిన వేసవి పుస్తకం.

“అక్కా, ఈ బొమ్మ ఎక్కణ్ణుంచి వేశారో మీకేమైనా తెలుసా? పొద్దుట్నుంచీ వెతుకుతున్నాం. ఎక్కడ నిలబడ్డా ఇలా కనపడట్లేదు.”

“అక్కడ కాదు, ఇలా రండి,” అని ఆమె వాళ్ళను ఒడ్డు కిందికి నడిపించింది. రాళ్ళ దగ్గర నిలబెట్టింది. “కాస్త కూర్చోవాలి. నిలబడి వేసిన బొమ్మ కాదది.”

“అయ్యో, నిజమే! అచ్చం ఇదే!” ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది. ఫోను ఆమెకిచ్చి మొగుణ్ణి పక్కన లాక్కుని కూర్చుంది. ఆమె రెండు ఫొటోలు తీసింది. దండెం పడకుండా ఒకటి, పడేలా ఒకటి.

అమ్మాయి ఫోను తీసుకుంటూ వెనక నిలబడ్డ అతన్నీ, ఆమెనూ మార్చి మార్చి చూసి నవ్వింది. “మీ ఇద్దరికీ కూడా ఒకటి తియ్యమంటారా అక్కా?”

అతను ఒకడుగు ముందుకు వేశాడు.

“వద్దమ్మా,” అంది ఆమె. “మేం కలిసి రాలేదు.”